చెన్నై ఉక్కకి ప్లే డో జిగురైపోతోంది, కొలతలు ఎలా మార్చాలి?

పాపకి రెండున్నరేళ్లు. వేళ్లకి పట్టు రావాలని ప్లే డో (పిల్లలు ఆడుకునే పిండిముద్ద) ఇంట్లోనే చేస్తున్నాం: కప్పు మైదా, అరకప్పు ఉప్పు, కప్పు నీళ్లు, రెండు చెంచాల నిమ్మరసం, చెంచా నూనె, సన్నసెగన ముద్ద కట్టేదాకా. మొదటిరోజు బాగా గట్టిగా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి శనగగింజంత ముక్కలు గిల్లుతుంది. మర్నాటికి మా బీసెంట్ నగర్ సముద్రపు గాలికి చెమ్మెక్కి జిగురు. ఇక గిల్లడం ఉండదు, అరచేత్తో పులమడమే. అందులో వేళ్లకి పనేముంది?

తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచి నీరు లాగుతుంది కదా. పావుకప్పుకి తగ్గిస్తే మూడోరోజుకి బూజు. పొడి మైదా అద్దితే పగుళ్లు. ఫ్రిజ్‌లోంచి తీస్తే పైన నీళ్లు చేరుతున్నాయి. ఇంకా నోట్లో పెట్టుకునే వయసే, బోరిక్ పౌడర్ సలహా మాత్రం వద్దు.

ఈ ఉక్కలో కనీసం వారం గట్టిగా నిలిచే కొలతలు ఏవి?