హాస్టల్ నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి వింటున్నారు, ఏం చేయాలి?

తాంబరం ల్యాబ్: చెన్నై శివారులోని మా కళాశాలలో ఎవరో గేట్‌వేలా (నెట్ బయటికి వెళ్లే ద్వారంలా) నటిస్తూ హాస్టల్ ట్రాఫిక్ అంతా తన కంప్యూటర్ మీదుగా మళ్లిస్తున్నారు. వైఫైకి అందరికీ ఒకటే పాస్‌వర్డ్. పరీక్షల విభాగం కూడా అదే నెట్‌వర్క్‌లో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఖర్చెంత?

స్విచ్ గది: ఇది ఏఆర్‌పీ మోసం. ఏ ఐపీ చిరునామా ఏ పరికరానిదో నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకునే పద్ధతే ఏఆర్‌పీ. 1982 నాటి ఆ ప్రోటోకాల్ ఎవరు జవాబిచ్చినా నమ్మేస్తుంది. స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఐపీలు అసలు సర్వరే పంచేలా చూసి, ఎవరికి ఏది ఇచ్చిందో రాసుకునేది), దానిమీద డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (ఆ జాబితాతో సరిపోని ఏఆర్‌పీ జవాబులను ఆపేది) పెట్టండి. స్థిర ఐపీ (చేత్తో పెట్టిన, మారని చిరునామా) ఉన్న ప్రింటర్లు ఆ జాబితాలోకి రావు, వాటి వివరాలు ముందే స్విచ్‌లో రాయండి, లేకుంటే మర్నాడు ఆఫీసులో ఒక్క కాగితం బయటికి రాదు.

బెంగళూరు అడ్మిన్: అంత హంగామా ఎందుకు? ప్రతి పరికరం మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) నమోదు చేయించండి. మా క్యాంపస్‌లో అలాగే చేశాను, బయటివాళ్లెవరూ చొరబడలేదు.

స్విచ్ గది: చొరబడలేదని మీకెలా తెలుసు? వైఫై ఎన్‌క్రిప్ట్ చేసినా మ్యాక్ చిరునామా గాలిలో బాహాటంగానే వెళ్తుంది. పక్కవాడిది చూసి తగిలించుకోవడం నిమిషం పని. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా తమ నిజమైన చిరునామా బదులు మారు చిరునామా చూపిస్తున్నాయి.

బెంగళూరు అడ్మిన్: మీరు పుట్టకముందు నుంచి కేబుళ్లు లాగుతున్నాను, నాకు పాఠాలు వద్దు. నమోదు ఉంటే దొంగ దొరుకుతాడు.

నెల్లూరు అమ్మాయి: ఎవరు దొరుకుతారండీ? మా తరగతి అబ్బాయి చిరునామా ఎవరో వాడుకుంటే, వార్డెన్ గది ముందు నిలబెట్టింది ఆ అబ్బాయినే. వాళ్ల నాన్నగారు రాత్రి బస్సెక్కి వచ్చి బతిమాలుకున్నారు. దయచేసి దాన్ని సాక్ష్యం అనకండి.

మూడో అంతస్తు: అసలు హాస్టల్‌లో సిగ్నల్ అందితే ఎవరూ సొంత రౌటర్ తెచ్చుకోరు. గోడ నుంచి వచ్చే తీగను రౌటర్ ఇంటర్నెట్ పోర్టులో కాక ల్యాన్ పోర్టులో గుచ్చితే ఆ రౌటరే అందరికీ ఐపీలు పంచుతుంది, అంతస్తంతా నెట్ పోతుంది. ముందు అది సరిచేయండి!

రేడియస్ లావణ్య: స్నూపింగ్ పెడితే అదీ ఆగుతుంది. ఇక ఉమ్మడి పాస్‌వర్డ్ తీసేసి 802.1ఎక్స్ (నెట్‌వర్క్‌లోకి రానిచ్చే ముందు ఒక్కొక్కరినీ గుర్తించే పద్ధతి)తో ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి, విశ్వవిద్యాలయాల ఉమ్మడి వైఫై సేవ ఎడ్యురోమ్‌లో వాడేదీ అదే. ఫోనులో సర్టిఫికెట్ (ఇది మన నెట్‌వర్కేనని రుజువు చేసేది) దగ్గర ‘ధ్రువీకరించవద్దు’ నొక్కమని నోటీసు బోర్డులో రాయకండి. అలా రాస్తే అదే పేరుతో నకిలీ వైఫై పెట్టినవాడికి లాగిన్‌లు చేజిక్కుతాయి.

తాంబరం ల్యాబ్: పరీక్షల విభాగం సంగతి ఎవరూ చెప్పలేదు.

స్విచ్ గది: ఈ రాత్రే దాన్ని వేరే వీల్యాన్ (అవే స్విచ్‌లలో విడిగా చేసిన నెట్‌వర్క్)లోకి మార్చి, హాస్టల్ వైపు నుంచి దారి మూసేయండి. స్విచ్‌లలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి, పాస్‌వర్డ్‌ను బాహాటంగా పంపే టెల్నెట్ తీసేసి, ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్ఎస్‌హెచ్ పెట్టండి. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్‌లో పొంచి విని పాస్‌వర్డ్‌లు దొంగిలించాకే ఎస్ఎస్‌హెచ్ పుట్టింది. మీ స్విచ్ మోడల్ ఏది? పాతదాంట్లో ఇన్‌స్పెక్షన్ లేకపోతే ఖర్చు లెక్క వేరు.