బ్రిస్టల్‌కి కొత్త: సిటీ కౌన్సిల్ ఫలితాలు ఎలా చదవాలి, మనకి ఓటుందా?

ప్రశ్న: బ్రిస్టల్, స్కిల్డ్ వర్కర్ వీసా

అందరికీ నమస్తే. మేమిద్దరం హైదరాబాద్ నుంచి ఈమధ్యే బ్రిస్టల్ వచ్చాం. ఇక్కడి కౌన్సిల్‌లో గ్రీన్స్ (గ్రీన్ పార్టీ) గెలిచారని కొందరంటున్నారు, ఎవరికీ మెజారిటీ రాలేదని ఇంకొందరు. ఫలితాల పేజీ తెరిస్తే ఒక వార్డులో ఒకరు, ఇంకో వార్డులో ముగ్గురు గెలిచినట్టుంది. దీన్నెలా చదవాలి? ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇందులో పాత్ర ఏమైనా ఉందా?

బ్రిస్టల్ సభ్యుడి జవాబు

రెండు మాటలూ నిజమేనండి. 2024 మే 2న మొత్తం 70 సీట్లకీ ఒకేసారి పోలింగ్ జరిగింది. గ్రీన్స్‌కి 34, లేబర్‌కి 21, లిబరల్ డెమోక్రాట్లకి 8, కన్సర్వేటివ్‌లకి 7 వచ్చాయి. మెజారిటీకి 36 కావాలి, అంటే గ్రీన్స్ రెండు సీట్ల దూరంలో ఆగిపోయారు. 2021లో గ్రీన్స్, లేబర్ చెరో 24 దగ్గర సమానంగా ఉన్నారు, కన్సర్వేటివ్‌లకి 14, లిబ్ డెమ్‌లకి 8. అప్పటితో పోలిస్తే గ్రీన్స్‌కి పది పెరిగాయి, కన్సర్వేటివ్‌ల బలం సగమైంది. వార్తల్లో పక్కన "ఎన్‌ఓసీ" అని కనిపిస్తే నో ఓవరాల్ కంట్రోల్ అన్నమాట, ఏ పార్టీకీ సగం దాటలేదని.

2020 జీహెచ్‌ఎంసీ ఫలితం మీకు గుర్తుండే ఉంటుంది: 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. అక్కడ మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఓటేస్తారు కాబట్టి లెక్క మారిపోతుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఓటు ఆ 70 మంది కౌన్సిలర్లదే.

ఇక వార్డుల సంగతి. బ్రిస్టల్‌లో 34 వార్డులున్నాయి. గ్రీన్స్ సీట్లు కూడా 34 కావడంతో వార్డుకొకటి గెలిచారేమో అనుకుంటారు, అది కాకతాళీయం. వార్డు సైజుని బట్టి ఒకరు, ఇద్దరు లేదా ముగ్గురు కౌన్సిలర్లు ఉంటారు. ముగ్గురున్న వార్డులో ఒక్కో ఓటరు మూడు క్రాసుల (X గుర్తుల) దాకా వేయొచ్చు, ఒకటే వేసి ఊరుకున్నా చెల్లుతుంది. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురూ గెలుస్తారు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అభ్యర్థులందరి ఓట్లూ కూడి అదే పోలింగ్ అనుకుంటారు. ఉదాహరణకి 4,000 బ్యాలెట్ పేపర్లు పడితే మొత్తం ఓట్లు 12,000 దాకా ఉండొచ్చు. పోలింగ్ శాతానికి డిక్లరేషన్ షీట్‌లో (ఫలితం ప్రకటించే కాగితంలో) బ్యాలెట్ పేపర్ల సంఖ్య చూసి, దాన్ని ఓటర్ల సంఖ్యతో భాగించాలి. పార్టీల బలం పోల్చేటప్పుడూ అంతే. ఒక పార్టీ ముగ్గురిని నిలబెట్టి ఇంకో పార్టీ ఒక్కరినే నిలబెడితే మొత్తం ఓట్లు పోల్చడంలో అర్థం లేదు. ప్రతి పార్టీలో ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్క అభ్యర్థినీ తీసుకుని పోల్చండి, అసలు బలం కొంతవరకు తెలుస్తుంది.

షీట్ అడుగున చెల్లని ఓట్ల పట్టిక ఉంటుంది. అధికారిక ముద్ర లేనివి, ఇచ్చిన సంఖ్యకన్నా ఎక్కువ క్రాసులు వేసినవి, ఓటరెవరో తెలిసేలా రాతలున్నవి, ఖాళీవి లేదా ఎవరికి వేశారో తేలనివి, ఇలా కారణం వారీగా లెక్క రాస్తారు. మనవాళ్లలో కొందరికి ఏ కాగితం చేతికిచ్చినా కింద సంతకం పెట్టే అలవాటుంది. బ్యాలెట్ మీద సంతకం పెడితే ఓటు పోతుంది.

లీడ్స్ సభ్యురాలి జవాబు

పై లెక్క బ్రిస్టల్‌కి సరిపోతుంది, కానీ ఇంగ్లండ్ అంతా అలా ఉండదు. రేపు ఉద్యోగం మారి లీడ్స్‌కో మాంచెస్టర్‌కో వస్తే అదే పద్ధతిలో చదివి పొరబడతారు. లీడ్స్‌లో 33 వార్డులు, 99 మంది కౌన్సిలర్లు. నాలుగేళ్లలో మూడేళ్లు, ఏటా మూడో వంతు సీట్లకే ఎన్నిక. మాంచెస్టర్‌లో 32 వార్డులు, 96 మంది, అక్కడా అదే పద్ధతి. కాబట్టి ఒక పార్టీ ఆ రోజు ఎన్ని గెలిచిందన్నది సగం సమాచారమే. ఆ రోజు చిత్తుగా ఓడిన పార్టీ కూడా పాత సీట్లతో అధికారంలో కొనసాగవచ్చు. ముందు మూడు అంకెలు వెతకండి: ఈసారి ఎన్ని సీట్లకి పోటీ, మొత్తం సీట్లెన్ని, మెజారిటీకి ఎన్ని కావాలి. ఇవి తెలియకుండా హెడ్‌లైన్ చదివి లాభం లేదు.

లెస్టర్‌లో ఇంకో మలుపుంది. అక్కడ మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, 2011 నుంచి పీటర్ సోల్స్‌బీనే. 2023లో 54 కౌన్సిల్ సీట్లలో లేబర్‌కి 31, కన్సర్వేటివ్‌లకి 17, గ్రీన్స్‌కి 3, లిబ్ డెమ్‌లకి 3. కానీ పాలన నడిపేది మేయర్ కాబట్టి సీట్ల పట్టికకన్నా మేయర్ ఫలితం ముఖ్యం. మేయర్ బడ్జెట్‌ని కౌన్సిల్ మార్చాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి.

మెజారిటీ ఉంటే అన్నీ చేసేయగలరనీ అనుకోకండి. బర్మింగ్‌హామ్‌లో 2022లో లేబర్‌కి 101లో 65 వచ్చాయి, తిరుగులేని మెజారిటీ. 2023 సెప్టెంబర్‌లో సెక్షన్ 114 నోటీసు పడింది, అంటే చట్టప్రకారం తప్పనిసరైనవి తప్ప కొత్త ఖర్చులు ఆపేయడం. 2024లో కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) 9.99 శాతం, 2025లో 7.49 శాతం పెంచారు. మామూలుగా మన బ్రిస్టల్, లీడ్స్ లాంటి కౌన్సిళ్లు ప్రజల ఓటింగ్ పెట్టకుండా 4.99 శాతం దాకానే పెంచగలవు, ఆపైన పెంచడానికి బర్మింగ్‌హామ్‌కి ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇచ్చింది. కాబట్టి ఫలితాల రోజు ఎవరు గెలిచారో చూసినట్టే, ఫిబ్రవరిలో బడ్జెట్ మీటింగ్ కూడా చూడండి. జేబుకి తగిలేది అక్కడే.

బ్రిస్టల్ సభ్యుడు మళ్లీ

బడ్జెట్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడి ఏర్పాటు కూడా చెప్తాను. బ్రిస్టల్‌లోనూ నేరుగా ఎన్నికైన మేయర్ ఉండేవారు. 2022 మేలో రెఫరెండం (ప్రజల ఓటింగ్) పెట్టి ఆ పదవి తీసేశారు, 2024 మే నుంచి కమిటీల పద్ధతి వచ్చింది. గ్రీన్స్ నుంచి టోనీ డయ్యర్ కౌన్సిల్ లీడర్ అయ్యారు, కానీ నిర్ణయాలు చేసేది కమిటీలు. కమిటీల్లో సీట్లు పార్టీల బలాన్ని బట్టి పంచాలని చట్టం ఉంది. 9 మంది ఉన్న కమిటీ అనుకుందాం: 70లో 34 అంటే గ్రీన్స్‌కి 4.37, లేబర్‌కి 2.7, లిబ్ డెమ్‌లకి 1.03, కన్సర్వేటివ్‌లకి 0.9. దగ్గరి అంకెకి సవరిస్తే 4, 3, 1, 1. గ్రీన్స్‌కి అక్కడా సగం రాదు, ఏదైనా పాస్ కావాలంటే ఇంకొకరి మద్దతు కావాల్సిందే. ఇళ్లు, రవాణా లాంటి విషయాల్లో మీ వార్డు కౌన్సిలర్‌కే కాదు, ఆ కమిటీలో ఉన్న మిగతా పార్టీల వాళ్లకీ రాయడం అందుకే పనిచేస్తుంది.

మేయర్ అన్న పేరుతో ఇద్దరు కనిపిస్తారు, కలిపేయకండి. లార్డ్ మేయర్‌ది గౌరవ పదవి. వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ మేయర్ వేరు, 2025 మేలో లేబర్ నుంచి హెలెన్ గాడ్విన్ గెలిచారు. బస్సులు, స్కిల్స్ లాంటివి అటువైపు.

బర్మింగ్‌హామ్ సభ్యురాలి జవాబు

ఓటు సంగతి నేను చెప్తాను తమ్ముడూ. ఉంది, నిక్షేపంగా ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ ఉండటానికి చెల్లే వీసా ఉండి 18 ఏళ్లు నిండిన ఇండియన్లు కౌన్సిల్‌కీ పార్లమెంటుకీ కూడా ఓటేయొచ్చు. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, ఎవరైనా సరే. దీనివల్ల మన పౌరసత్వానికి ఏమీ కాదు. కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం ఐఎల్‌ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) ఉండాలి, స్కిల్డ్ వర్కర్ వీసా చాలదు.

రిజిస్ట్రేషన్ గవ్ డాట్ యూకేలో, ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. ఇంకా రాకపోతే వేరే రుజువులు అడుగుతారు, అంతే. మీ ఆవిడ విడిగా చేసుకోవాలి, ఇంటిపెద్ద పేరు మీద అందరికీ వచ్చేయదు. ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందు. బ్యాంక్ హాలిడేలు లెక్కలోకి రావు కాబట్టి అది మనం ఊహించినదానికన్నా ముందే అయిపోతుంది. 2024 మే 2 ఎన్నికకి ఏప్రిల్ 16తోనే ముగిసింది. ఓటర్ లిస్టులో పేరుంటే క్రెడిట్ చెక్‌లకీ ఉపయోగం, కొత్తగా వచ్చినవాళ్లకి అది చిన్న విషయం కాదు.

పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరాలుగా, ఇంకోచోట పూర్తిగా ఉండి పోలింగ్ స్టేషన్లో ప్రశ్నలొస్తాయి. 2023 మే నుంచి ఇంగ్లండ్ కౌన్సిల్ ఎన్నికల్లో ఫోటో ఐడీ తప్పనిసరి. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా, పదింటికి లైన్లో ఉంటే ఓటేయనిస్తారు.

పోస్టల్ ఓటు అడిగితే జాగ్రత్త. బ్యాలెట్‌తో పాటు వచ్చే స్టేట్‌మెంట్ మీద పుట్టినతేదీ, సంతకం అడుగుతారు. పుట్టినతేదీ చోట ఆ రోజు తేదీ వేసేవాళ్లున్నారు. అప్లికేషన్లో తెలుగులో సంతకం చేసి ఇక్కడ ఇంగ్లిష్‌లో పెడితే పోలిక కుదరక తీసేస్తారు. భార్యాభర్తల కవర్లు కూడా తారుమారు కానివ్వకండి.

కావెంట్రీ విద్యార్థిని అడిగింది

పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి పంపాను. పాత బీఆర్‌పీ కార్డు (ఫోటో ఉన్న నివాస అనుమతి కార్డు) పనికొస్తుందా? ఈవీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు) ఫోన్లో చూపిస్తే?

బర్మింగ్‌హామ్ సభ్యురాలు

ఫోటో మీలాగే ఉంటే గడువు దాటిన బీఆర్‌పీ చెల్లుతుందమ్మా. ఈవీసా చెల్లదు, చేతిలో అసలు కార్డే ఉండాలి. ఏదీ లేకపోతే వోటర్ అథారిటీ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. అది ఉచితం, గడువు పోలింగ్‌కి 6 పనిదినాల ముందు సాయంత్రం 5. మీకు హాస్టల్ ఊళ్లో, బంధువుల ఊళ్లో రెండు చోట్లా నిజంగా నివాసం ఉంటే, రెండూ వేర్వేరు కౌన్సిళ్లయితే కౌన్సిల్ ఎన్నికల్లో రెండు చోట్లా వేయొచ్చు. పార్లమెంటుకి మాత్రం ఒక్కచోటే.

ప్రశ్న అడిగిన సభ్యుడు

చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి: 34, 21, 8, 7 అంకెలు ఇప్పటికీ అంతేనా?

బ్రిస్టల్ సభ్యుడు

అవి ఎన్నిక రోజు అంకెలు. తర్వాత ఎవరైనా రాజీనామా చేస్తే ఉపఎన్నిక వస్తుంది, పార్టీ మారితే ఎన్నిక లేకుండానే లెక్క మారుతుంది. ఇప్పటి బలం కావాలంటే కౌన్సిల్ సైట్లో కౌన్సిలర్ల పేజీని పార్టీ వారీగా చూడండి. అక్కడే మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ వార్డు కౌన్సిలర్ల ఈమెయిల్స్ వస్తాయి. చెత్త తీయకపోయినా, వీధి దీపం వెలగకపోయినా ముందు సైట్లో రిపోర్ట్ చేసి, ఆ రిఫరెన్స్ నంబర్, మీ అడ్రస్ పెట్టి రాయండి. వీసా సమస్యలైతే కౌన్సిలర్‌కి కాదు, ఎంపీకి రాయాలి. ఇక్కడ అన్ని సీట్లకీ మళ్లీ ఎన్నిక 2028 మేలో.