మెరుపు దొరికినవాడే గెలుస్తున్నాడు, ఏం చేయాలి?

గాజువాక కుర్రాడు: మేం నలుగురం చేస్తున్న మల్టీప్లేయర్ గేమ్‌లో నిప్పు, నీరు, గాలి, మట్టి శక్తులున్నాయి, నిప్పువాళ్లలో వందకి ఇద్దరికే మెరుపు కూడా వస్తుంది. ఆదివారం ఆర్కే బీచ్‌లో కూర్చుని ఫోన్లలో ఆడి చూస్తే మెరుపువాడు ఒక్కడే ముగ్గుర్నీ లేపేశాడు. డ్యామేజ్ తగ్గిద్దామంటే, ఇంక అరుదైన శక్తికి విలువేముంది అంటాడు మావాడు.

మధురవాడ గేమర్: అరుదు అంటే బలం అనుకోవడమే తప్పు బ్రో. డ్యామేజ్ అలాగే ఉంచు, కొట్టేముందు రెండు సెకన్లు కదలకుండా నిలబడాలని పెట్టు, ఈలోపు మట్టివాడు గోడ లేపేస్తే ఆగిపోవాలి.

సీతమ్మధార: 1996లో వచ్చిన మొదటి పోకెమాన్ గేముల్లో సైకిక్ (మనోశక్తి) రకంతో ఇదే గోల. 1999లో డార్క్, స్టీల్ రకాలు తెచ్చి విరుగుడు పెట్టారు.

గాజువాక కుర్రాడు: గోడ ఐడియా బాగుంది, రాత్రికే పెడతా. మావాడికి మాత్రం మీరే చెప్పాలి!