మొదటి డ్రోన్ కిట్: 450 ఫ్రేమా, 5 అంగుళాల ఎఫ్‌పీవీనా?

సొంతంగా బిగించుకునే డ్రోన్ కిట్ కొనాలనుకుంటున్నాను, ఇదే మొదటిది. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను.

ఒకటి 450 మి.మీ. ఫ్రేమ్: 2212 సైజు 920 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటర్లు నాలుగు, 10 అంగుళాల ప్రొపెల్లర్లు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటర్ల వేగాన్ని నియంత్రించేవి), ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ నడిచే కంట్రోలర్, జీపీఎస్. 3ఎస్ (మూడు సెల్స్ ఉన్న) లిపో బ్యాటరీ కావాలి. రెండోది 5 అంగుళాల ప్రొపెల్లర్ల ఎఫ్‌పీవీ కిట్ (డ్రోన్ కెమెరా దృశ్యాన్ని చూస్తూ ఎగరేసేది): 4ఎస్ బ్యాటరీ, ఎఫ్4 కంట్రోలర్ బోర్డు, బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్. రెండింటిలోనూ రిమోట్, బ్యాటరీ, చార్జర్ లేవు. అయినా పేరు మాత్రం 'కంప్లీట్ కిట్'!

నాకు రేసింగ్ అక్కర్లేదు. మైదానంలో నిలకడగా ఎగరాలి, కిందపడితే నేనే విప్పి బాగుచేసుకోగలగాలి.

సిమ్యులేటర్‌లో యాంగిల్ మోడ్‌లో (స్టిక్ వదిలితే డ్రోన్ దానంతటదే సమంగా నిలిచేది) హోవర్, ల్యాండింగ్ వస్తున్నాయి. అలా సమం చేయని ఆక్రో మోడ్ పెడితే తిరగబడిపోతోంది. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో సన్న వైర్లు బాగానే అతుకుతున్నాయి, కానీ బ్యాటరీ తగిలించే ఎక్స్‌టీ60 కనెక్టర్‌కి లావు వైర్ పెడితే సోల్డర్ పైన ముద్దలా నిలిచి, లాగగానే ఊడి వస్తోంది. బరువు లెక్కా వేశాను. 450 ఫ్రేమ్ మొత్తం 1.2 కిలోలు అనుకుంటే, బరువుకు రెట్టింపు థ్రస్ట్ (పైకి ఎత్తే బలం) కోసం నాలుగింటిలో ఒక్కో మోటరు 600 గ్రాములు ఎత్తాలి. కిట్ వివరాల్లో థ్రస్ట్ అంకె ఉంది గానీ, ఏ ప్రొపెల్లర్‌తో, ఎన్ని వోల్టుల దగ్గర కొలిచారో లేదు. ఇక ఏం పోల్చాలి? వీడియోలు చూస్తే ఇంకా టెన్షన్: పెద్దది ఎగరేయడం తేలికని ఒకరు, చిన్నదే పడినా తట్టుకుంటుందని ఇంకొకరు.

సోల్డరింగ్ అంతంతమాత్రంగా వచ్చి, యాంగిల్ మోడ్‌లోనే ఎగరేసేవాళ్లు ఈ రెండింటిలో మొదట ఏది తీసుకోవాలి, ఎందుకు?