అప్‌డేట్: కారు స్టీరియో సమస్య తీరింది, సబ్‌వూఫర్ లేకుండానే

గత నెల నేను అడిగింది ఇదీ: కారుతో వచ్చిన స్టీరియోలో పాట చప్పగా ఉంది, సౌండ్ పెంచితే తలుపులు గడగడలాడుతున్నాయి, డిక్కీలో సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) పెట్టిస్తే సరిపోతుందా అని. ముందు తలుపుల సంగతి చూడమన్న అందరికీ మనసారా థాంక్స్.

నిన్న విజయవాడలో పని పూర్తయింది. తలుపు ప్యానెల్ విప్పగానే అసలు విషయం తెలిసింది. పల్చటి కాగితం కోన్ (శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర), చిన్న అయస్కాంతం ఉన్న స్పీకర్, చుట్టూ రేకులో పెద్ద పెద్ద ఖాళీలు. కోన్ వెనక వైపు శబ్దం ఆ ఖాళీల్లోంచి ముందుకొచ్చి బేస్‌ను మింగేస్తోంది. అందుకే రేకుకు బ్యూటైల్ షీట్లు (వణుకును అణిచే రబ్బరు లాంటి పట్టీలు) అతికించి, ఖాళీలు మూసి, ఆ తర్వాతే 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (సన్నని శబ్దాలకు విడిగా చిన్న స్పీకర్ ఉండే రకం) బిగించారు. స్టీరియో స్క్రీన్ మార్చలేదు. వైర్లు కోయనివ్వలేదు, కప్లర్‌తోనే (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) కలిపించాను. వైర్లు కోస్తామంటే మాత్రం షాపువాళ్ల మాట వినకండి, వారంటీ పేచీ రావచ్చు.

మొదట పెట్టి చూస్తే బేస్ ఇంకా తగ్గింది! గుండె జారిపోయింది. చూస్తే ఎడమ స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. సరిచేయగానే పాడేవాళ్ల గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టు నిలబడింది.

ఆంప్లిఫయర్ ఇప్పుడే వద్దనుకున్నాను. రాత్రి అమ్మను ఎక్కించుకుని బందరు రోడ్డులో ఒక చుట్టు తిరిగాం. "వీణ తీగ మీటడం కూడా వినిపిస్తోందిరా" అంది.