స్పోర్ట్స్, ఎంటర్‌టైన్‌మెంట్ లా గ్రూపు: బయటివాళ్ల అగ్రిమెంట్లు చదివి చెప్పొచ్చా, వద్దా?

నెల్లూరు ఫైనలియర్

మాది నెల్లూరులో ఐదేళ్ల లా కోర్సు, ఆఖరి సంవత్సరం. రెండేళ్లుగా కాలేజీలో స్పోర్ట్స్, ఎంటర్‌టైన్‌మెంట్ లా గ్రూపు నడుపుతున్నాం. ఇరవై ఆరు మందిమి. నెలకో కేసు చదువుకుంటాం, అప్పుడప్పుడు హైదరాబాద్ లాయర్లతో జూమ్‌లో మాట్లాడిస్తాం. క్రికెట్ బోర్డు రాజ్యాంగం ఆర్టికల్ 12 కింద 'రాజ్యం' (అంటే ప్రభుత్వ సంస్థ) కాదని చెప్పిన 2005 నాటి జీ టెలిఫిల్మ్స్ తీర్పు మాలో ఎవరిని లేపి అడిగినా చెబుతారు.

పోయిన నెల మా క్లాస్‌మేట్ వాళ్ల పిన్నమ్మ ఒక కాగితం తెచ్చింది. కోవూరు దగ్గర పల్లె. ఆమె పెళ్లిళ్లలో, జాతరల్లో పాడుతుంది. తను సొంతంగా కట్టిన నాట్ల పాటను ఒక యూట్యూబ్ ఛానెల్‌వాళ్లు రికార్డు చేసుకుని, మూడు వేలు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారట. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకుంది. క్యాంటీన్ బెంచీ మీద పరిచి చదివాం. మూడో పేజీలో ఉంది: పాట మీద సమస్త హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా ఇచ్చేస్తున్నాను, రాయల్టీ ఎప్పటికీ అడగను.

ఆమె ఒకటే అడిగింది. "అయితే ఈ పాట నేను ఇక జాతరలో పాడుకోకూడదా అమ్మాయ్?"

మేం ఐదుగురం ఉన్నాం అక్కడ. ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం.

శనివారం మధ్యాహ్నాలు ఇలాంటి కాగితాలు చదివి తెలుగులో చెప్పే పని పెట్టుకుందామని నేను, ఇంకొందరు అంటున్నాం. మిగతావాళ్లు వద్దంటున్నారు. ముందు మీలో మీరు తేల్చుకోండి అన్నారు మా సార్. మీరేమంటారు?

కావలి వకీలు

అమ్మా, నీ మనసు మంచిదే, కాదనను. కానీ ఇరవై రెండేళ్లుగా కోర్టుకు పోతున్నవాడిగా చెబుతున్నా, వద్దు. అడ్వొకేట్స్ యాక్ట్ 1961లో 29, 33 సెక్షన్లు చూడు. వకాల్తా అడ్వొకేట్లకే. కోర్టుకు వెళ్లకుండా సలహా ఇవ్వడం, డాక్యుమెంట్లు రాయడం కూడా ప్రాక్టీసులోకే వస్తుందని 2018లో ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 'ఊరికే చదివి చెబుతున్నాం' అని మీరనుకుంటారు. వినేవాళ్లు దాన్ని లాయరు మాటగానే తీసుకుంటారు.

నా దగ్గరికి ఒకతను వచ్చాడు. చెక్కు బౌన్సు నోటీసు అందితే, లా చదివే బంధువుల పిల్లాడు 'ఇవి మామూలే, పట్టించుకోవద్దు' అన్నాడట. డబ్బు కట్టడానికి ఉన్న 15 రోజులూ అలాగే గడిచిపోయాయి. ఆ పిల్లాడిది చెడ్డ బుద్ధి కాదు. నష్టం మాత్రం నిజం. మూడేళ్లు వాయిదాలకు తిరిగాడు మనిషి.

గ్రూపులోనే, మూడో సంవత్సరం

అక్కా, నేనూ వద్దన్నవాళ్లలో ఒకణ్ని. కారణం ఇక్కడ కూడా చెబుతా. నేషనల్ లా యూనివర్సిటీలో చదివేవాళ్లకు కాలేజీ పేరే సగం పని చేసిపెడుతుంది. మనకు అది లేదు. మూట్ కోర్టులో, అంటే విద్యార్థుల నమూనా కోర్టు పోటీల్లో గెలవాలి, వ్యాసాలు అచ్చు కావాలి, అప్పుడే ఎవరైనా ఇంటర్న్‌షిప్‌కి పిలుస్తారు. మా నాన్న అప్పు చేసి ఫీజు కడుతున్నాడు. 2025లోనే రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. ఒకటి క్రీడా సంఘాల పాలన మీద, అందులో స్పోర్ట్స్ ట్రిబ్యునల్ కూడా ఉంది. ఇంకోటి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ. రెండూ మనం ఇంకా పూర్తిగా చదవనే లేదు. శనివారాలు కూడా పోతే ఎప్పుడు చదవాలి?

సింగరాయకొండ కబడ్డీ

నేను లా చదవలేదు. పదేళ్లు కబడ్డీ ఆడాను, ఇప్పుడు స్కూల్లో పీఈటీని. మీరు మాట్లాడుకునే కాగితాలు మా పిల్లల చేతుల్లో ఉన్నాయి కాబట్టి రాస్తున్నా.

మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. పదహారేళ్లు. కూతకు వెళ్లాడంటే గీత తాకకుండా రాడు. వాణ్ని ఒక టీమువాళ్లు తీసుకెళ్లి, రెండు జతల బూట్లు, జెర్సీ ఇచ్చి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నారు. రెండేళ్లు వాళ్లకే ఆడాలి, బయట ఎక్కడ ఆడినా యాభై వేలు కట్టాలి. తర్వాత ఆ టీము ఆ ఏడు ఒక్క పోటీకీ దిగలేదు. సంక్రాంతికి మా ఊళ్లో పోటీలు జరిగాయి. వాడు ఆడలేదు. కబడ్డీ కోర్టు పక్కన ఇసుకలో గొంతుక్కూర్చుని రెండు రోజులూ చూశాడు. ఆడరా అంటే, "యాభై వేలు మా నాయన యాడ తెస్తాడు సార్" అన్నాడు.

వాడికి ఆ కాగితం గురించి చెప్పే మనిషి మా చుట్టుపక్కల లేడు. వకీలు గారి దగ్గరికి పోవాలంటే భయం, ఫీజెంత అడుగుతారో అని. మీ పిల్లల దగ్గరికైతే వస్తారు.

కావలి వకీలు

సార్, ఆ కుర్రాడి కాగితం చెల్లదు. కాంట్రాక్ట్ యాక్ట్ 11వ సెక్షన్. పద్దెనిమిది నిండనివాడు చేసుకున్న ఒప్పందం ఒప్పందమే కాదని 1903లోనే మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన పై కోర్టు, చెప్పింది. మేజర్ అయివున్నా, ఆటే జీవనమైనవాణ్ని ఎక్కడా ఆడొద్దని కట్టేస్తే 27వ సెక్షన్ కింద గట్టిగా వాదించొచ్చు. సంక్రాంతికి ముందు ఎవరైనా నాకు చూపించి ఉంటే బాగుండేది. ఆ మాట చదివాక మనసు బాగాలేదు.

అయినా నా అభ్యంతరం అలాగే ఉంది, కొంచెం మార్చుకుంటాను అంతే. గ్రూపు పేరు మీద చేయొద్దు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం ప్రతి లా కాలేజీలోనూ సీనియర్ ఫ్యాకల్టీ పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి. మీ కాలేజీలోనూ ఉండే ఉంటుంది, బోర్డు వరకైనా. దాని కింద చేయండి. పక్కన ఒక అడ్వొకేట్ కూర్చోవాలి.

ఒంగోలు రైతు బిడ్డ

ఒక మాట. మన జిల్లా ఎడ్ల సంగతి ఏ స్పోర్ట్స్ లా గ్రూపూ పట్టించుకోదెందుకు? 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేలను నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టం మార్చుకుంటే, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. మరి మన బండలాగుడు పోటీల పరిస్థితేంటి? పుస్తకాల పనే చేస్తామంటే ముందు ఇది చదివి మాకు అర్థమయ్యేలా రాయండి.

నెల్లూరు ఫైనలియర్

అందరికీ నమస్కారం. ఈ పది రోజులూ పిన్నమ్మ కాగితం పట్టుకునే కూర్చున్నాం. ముందు ఆమె ప్రశ్నకు జవాబు చెబుతాను.

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాటైనా విడి పాటైనా, రాసినవాళ్లు రాయల్టీలో తమ సగం వాటాను వదులుకోలేరు. వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికి రాసిచ్చినా అది చెల్లదు. 'రాయల్టీ ఎప్పటికీ అడగను' అన్న లైనుకు అక్కడితో విలువ పోయింది. ఇక పాడుకోవడం. 52వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది. మతపరమైన వేడుకలో పాడితే ఉల్లంఘన కాదు, పెళ్లి ఊరేగింపు, పెళ్లి సంబరాలు కూడా అందులోకే వస్తాయి. అంటే అమ్మవారి కొలువులో, పెళ్లిలో ఆమె నిక్షేపంగా పాడుకోవచ్చు. టికెట్ పెట్టిన స్టేజీ ప్రోగ్రామ్ అయితే అది వేరే లెక్క, లాయరే చెప్పాలి.

తమ్ముడూ, నీ మాట నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నాదీ అప్పు ఫీజే. కానీ రాయల్టీ గురించి చెప్పే ఆ కాపీరైట్ చట్టం 18వ సెక్షన్ ప్రొవైజోలు (షరతులు) మనం రెండేళ్లలో ఎన్నిసార్లు తిరగేసి ఉంటాం? ఒక్కసారీ బుర్రకెక్కలేదు. ఆమె ఎదురుగా కూర్చుని అడిగాక ఒక్క రాత్రిలో ఎక్కాయి. 2017లో మన నెల్లూరు బిడ్డ బాలు గారికి అమెరికా కచేరీల మధ్యలో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా గారి నుంచి లీగల్ నోటీసు వచ్చింది. ఈ చట్టాల సంగతి తనకు తెలియదని, చట్టం అదే అయితే పాటిస్తానని ఆయనే ఫేస్‌బుక్‌లో రాశారు. యాభై ఏళ్లు పాడిన మనిషికే ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదంటే, కోవూరు పల్లెలో పాడే మనిషికి ఎవరు చెబుతారు? మూట్ మానొద్దు. నెలకు రెండు శనివారాలు మూట్‌కి, రెండు దీనికి.

వకీలు గారూ, మీ మాటే విన్నాం. లీగల్ ఎయిడ్ క్లినిక్ కిందే, మా సార్ ఉండగానే. మేం చేసేది ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చెప్పడం వరకే. సంతకం పెట్టు, పెట్టొద్దు అనం. నోటీసు అయితే ముట్టుకోం, నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపుతాం. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. పిన్నమ్మకు ఆ సంగతి తెలియదు. నిజం చెప్పాలంటే మాలో సగం మందికీ తెలియదు.

మాటలే కుదరక తిప్పలు పడ్డాం. 'అసైన్‌మెంట్', 'లైసెన్సు' అంటే ఆమెకేం తెలుస్తుంది? 'హక్కుల బదలాయింపు' అని రాసుకెళితే అదీ అర్థం కాలేదు. చివరికి మా క్లాస్‌మేటే అంది, "ఒకటి ఇల్లు అమ్మేయడం పిన్నమ్మా, ఇంకోటి బాడుగకివ్వడం." "నేను బాడుగే అనుకున్నా," అందామె. ఇప్పుడు మా తెలుగు షీటులో మొదటి లైను అదే.

ఎడ్ల పోటీల మీద రాసే బాధ్యత ఇద్దరం తీసుకున్నాం. అన్నా, మీ ఊరి పోటీల కమిటీతో మాట్లాడించండి, తీర్పులు చదివితే సగమే తెలుస్తోంది.

సింగరాయకొండ సార్, ఈ శనివారం రెండింటికి ఆ తమ్ముణ్ని తీసుకురండి. వాళ్ల అమ్మ గానీ నాన్న గానీ కూడా రావాలి. స్టాంపు పేపరు జిరాక్స్ చాలు, ఒరిజినల్ ఇంట్లోనే పెట్టుకోమనండి. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్ మర్చిపోవద్దు. కావలి వకీలు గారు వీలైతే ఒక గంట మా పక్కన కూర్చుంటే మాకు ధైర్యం.

కావలి వకీలు

రెండింటికి కోర్టు పని ఉండదు. వస్తాను.