మొదటి పెట్టుబడి: అప్పు చేసి ఇల్లా, రీట్ యూనిట్లా?

కొత్తబాట: నా పొదుపు ఒక ఇంటి ధరలో 20 శాతానికి సరిపోతుంది. మిగతాది లోను తీసుకుని, కొని అద్దెకివ్వనా? లేక రీట్లతో, అంటే చాలామంది సొమ్ముతో అద్దె భవనాలు కొని, వాటిలో వాటాలను యూనిట్లుగా అమ్మే సంస్థలతో, మొదలుపెట్టనా?

గట్టిపునాది: ఇల్లే కొనండి. మీరు 20 పెడితే 100 విలువైన ఆస్తి మీ పేరున ఉంటుంది. ధర 10 శాతం పెరిగితే మీ సొమ్ము మీద 50 శాతం లాభం. యూనిట్లు కొంటానంటే బ్యాంకు అంత అప్పిస్తుందా?

లెక్కలపిచ్చి: పెరిగితే సరే. అదే 10 శాతం పడితే ఆయన పెట్టినదాంట్లో సగం పోతుంది. వడ్డీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు అదనం. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఏడాది అద్దెలో 8 శాతం పైగా గండి. 1960లో అమెరికా రీట్లకు చట్టం చేసిందే చిన్న మదుపరికి పెద్ద భవనాల అద్దెలో వాటా దొరకాలని. చాలా దేశాల్లో రీట్లు పంచదగ్గ ఆదాయంలో కనీసం 90 శాతం మదుపరులకు పంచితీరాలి.

గట్టిపునాది: నా ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీగా లేదు.

లెక్కలపిచ్చి: ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు రంగులు, రిపేర్లు ఉండవా? నెల పట్టదా?

గట్టిపునాది: రంగులకు వారం చాలు.

చిరుజల్లు: రంగుల గొడవ ఆపండి. ఏది కొన్నా ముందు కాగితాలు లాయరుకు చూపించుకోమనండి.

గట్టిపునాది: అసలు మీకు అప్పంటే భయమండీ. అది ఒప్పుకోకుండా లెక్కలు చెబుతారు.

లెక్కలపిచ్చి: భయమే! రెండో ఇంటి వాయిదాల కోసం మా నాన్న నా కాలేజీ ఫీజు ఆపేశారు. ఉద్యోగం పోయినప్పుడు ఆ ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. అవసరానికి చేతికందని ఆస్తి ఎందుకు?

గట్టిపునాది: చేతికందకూడదనే కొన్నాను! షేర్లున్నన్నాళ్లూ తమ్ముళ్లు అడిగినప్పుడల్లా అమ్మి ఇచ్చాను. ఒక్కడూ తిరిగివ్వలేదు. ఇల్లు కొన్నాక అడగడం మానేశారు.

లెక్కలపిచ్చి: అంటే మీకు గుణమైనదే నాకు దోషం. మరి ఈయన పరిస్థితేంటో ఇద్దరం అడగలేదు.

కొత్తబాట: నాది కాంట్రాక్టు పని. కొన్ని నెలలు ఆదాయం ఉండదు. డౌన్‌పేమెంటు పోగా ఏమీ మిగలదు.

గట్టిపునాది: ఆ మాట మొదటే చెప్పాల్సింది. కనీసం ఆరు నెలల వాయిదాల సొమ్ము విడిగా పోగయ్యేదాకా ఇల్లు చూడకండి. పోగయ్యాక మాత్రం ఇల్లే.

లెక్కలపిచ్చి: ఆ సొమ్ము రీట్లలో కూడా పెట్టకండి. వడ్డీ రేట్లు పెరిగితే వాటి ధరా పడొచ్చు. డిపాజిట్‌లో ఉంచండి. పోగయ్యాక ఇల్లా కాదా అన్నది మళ్లీ తేల్చుకుందాం, నేనింకా ఒప్పుకోలేదు.